మంచులో కొలిచిన పదహారు మూరలు

అనగా అనగా, ఎన్నేళ్ళనాటి మాటో అడక్కండి, ఆ లెక్క నాకూ తెలీదు. ఏళ్ళకీ వాగులకీ ఇంకా పేర్లు పెట్టని రోజులు. పొద్దున కమ్మిన మంచు, తనకి బుద్ధి పుట్టినప్పుడే లేచిపోయే రోజులు.

అప్పట్లో ఒక ఏటి వెంట మూడు దేశాలుండేవి. ఎగువన కొండదేశం, నడుమ ఏటిదేశం, దిగువన సముద్రం పక్కన ఉప్పుదేశం. ముగ్గురికీ ఏరు ఒక్కటే. ఇక చెప్పాలా? తాతలు కొట్టుకున్నారు, తండ్రులు కొట్టుకున్నారు, కొడుకులు కొట్టుకున్నారు. మనుషులు పోయారు గానీ ఏట్లో ఒక్క చుక్క పెరగలేదు.

చివరికి విసుగెత్తి, మూడు దేశాల పెద్దలూ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఒట్టు పెట్టుకున్నారు. "ఇక కత్తి వద్దు. ఏటేటా మాఘమాసంలో ఈ ఇసకలో కలుద్దాం. పరుగెత్తుదాం, గుండు విసురుదాం, దూకుదాం. గెలిచిన దేశానికి ఆ ఏడు పొలాలకి మొదటి తడి నీళ్ళు" అన్నారు. బాగానే ఉంది. కానీ కొలతల దగ్గరే కదా కొంపలు మునిగేది! అందుకని ఇంకో మాట కూడా కలిపారు. కొలత తప్పు పెట్టినవాళ్ళు, తెలిసి పెట్టినా తెలియక పెట్టినా సరే, బతికినన్నాళ్ళూ ఆ ఇసకలో మళ్ళీ అడుగు పెట్టకూడదు.

అలా మొదలైంది ఆ దేశదేశాల ఆటల పండగ.

ఏటిదేశంలో నాంచారి అని ఒక ముసలామె ఉండేది. గోగునారతో తాళ్ళు పేనుకుని బతికేది. తాడు పేనడం ఎప్పుడైనా చూశారా? నార ఒక కొసన కట్టి, మెలి పెట్టుకుంటూ వెనక్కి నడవాలి. తాడు పెరిగేకొద్దీ మనిషి వెనక్కి వెనక్కి పోవాలి. నాంచారి అలా జీవితమంతా వెనక్కే నడిచింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక గది గుడిసె, ఒక మంచం, ఆ తాళ్ళు.

దూకుడు కొలిచే తాడు ఆమెదే. మూరకొక ముడి వేసి తనే పేనింది, తనే పట్టుకుని కొలిచేది. "ముందుకి దూకేవాళ్ళని వెనక్కి నడిచేది కొలుస్తుందట!" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. "మీ మొగుళ్ళు ఎటూ నడవరు కదే, వాళ్ళకంటే నేనే నయం" అనేది నాంచారి. నోరు ఊరుకోదు ఆమెకి.

కానీ ఆటలప్పుడు, దూకినవాళ్ళు వాలే ఇసక గుంట పక్కన కూర్చుంటే మాత్రం ఆమె నోరు మూతపడేది. ఒకడు పరుగెత్తుకుంటూ వస్తాడు. గుంట ముందు పాతిన కర్ర మీద కాలు వేసి లేస్తాడు. అంతే, మనిషి నేల మీద లేడు, ఆకాశంలోనూ లేడు. ఆ నడిమి చోటేదో చూడటం కోసమే నాంచారి ఏడాదంతా ఎదురు చూసేది. నార దువ్వుతున్నా అదే, గంజి తాగుతున్నా అదే. కళ్ళు తెరుచుకునే కలలు కనేది. ఆ కలలో ఎవరెవరో ఏటి మీదుగా తేలుకుంటూ పోయేవాళ్ళు.

ఆ తాడంటే ఆమెకి ప్రాణం. పొయ్యి పైన, వెచ్చని అటక మీద దాచేది. ఆటల రోజు పొద్దున్నే గుంట పక్కన పాతిన రెండు రాళ్ళ మధ్య పరిచి చూసేది. సరిగ్గా ఇరవై మూరలు రావాలి. వస్తేనే కొలతకి కూర్చునేది.

ఒక ఏడు ఏమయిందంటే, ఉప్పుదేశం పడవలు ఆలస్యంగా వచ్చాయి. విడిదిళ్ళన్నీ నిండిపోయాయి. సందెవేళ ఎల్లాజీ అనే కుర్రవాడు, తల్లిని వెంటబెట్టుకుని నాంచారి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ దేశం తరపున దూకేది అతనే.

"అవ్వా, ఇంత చోటిస్తావా?" అన్నాడు.

"గుమ్మంలో నిలబడి అడుగుతావేంట్రా, లోపలికి రా" అంది నాంచారి.

మంచం ఎల్లాజీ తల్లికిచ్చింది. పొగకి ఆమె దగ్గుతుంటే పొయ్యి ఆర్పేసింది. వాళ్ళ మూటలు పెట్టడానికి చోటు లేక, అటక మీది తాడు తీసి బయట కంచె మీద వేసింది. అదిగో, అక్కడే పొరపాటు జరిగింది. ఇంటికొచ్చినవాళ్ళ కోసం చేసిన పొరపాటు, ఆమెకి పొరపాటులా తోచనే లేదు.

ఎల్లాజీ తల్లి ఎండుచేపల పులుసు పెట్టింది. "రెండేళ్ళుగా మా దాకా నీళ్ళు రావట్లేదు వదినా. నారుమళ్ళు పచ్చగా లేస్తాయి, పచ్చగానే ఎండిపోతాయి" అంటూ కళ్ళు తుడుచుకుంది. నాంచారి ఆమెకి ఇంకో ముద్ద వడ్డించింది.

తెల్లారేసరికి మంచు, మంచు, మంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. డప్పు మోగింది. నాంచారి తాడు తీసుకుని పరుగున వచ్చింది. రాళ్ళ మధ్య కొలవాలి కదా? రాళ్ళు కనబడితే కదా! ఒక రాయి దొరికింది, రెండోది దొరకలేదు. ఈలోగా మళ్ళీ డప్పు మోగింది. "పోనీ, ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందిగా" అనుకుని గుంట దగ్గర కూర్చుంది.

ముందు దూకింది ఏటిదేశం దొర కొడుకు కేతయ్య. అతను పరుగెత్తి రావడం ఎవరికీ కనబడలేదు. అడుగుల చప్పుడు వినబడింది, ఆగిపోయింది. మంచులోంచి ఒక మనిషి మెల్లగా పుట్టుకొచ్చినట్టు వచ్చి గుంటలో వాలాడు. నాంచారి ఊపిరి బిగబట్టింది. ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనకుండా లాభం అంటారు చూడండి, ఆమె కూడా అలాగే లెక్కపెట్టింది. "లాభం... రెండు... మూడు..."

పదహారు మూరలు! అప్పటిదాకా పదహారు దూకిన మగాడు లేడు. ఏటిదేశం జనం ఎగిరి గంతులేశారు. గుంట చదును చేసేశారు.

తర్వాత పరుగు పెట్టారు, ఏటిదేశం గెలిచింది. గుండు విసిరారు, ఉప్పుదేశం గెలిచింది. కొండదేశం వాళ్ళు పాపం ఆ ఏడు జ్వరాలు పడి సగంమందే వచ్చారు, వాళ్ళకేమీ దక్కలేదు. ఇక మిగిలిన ఎల్లాజీ దూకుడే తేల్చాలి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మంచు విడిపోయింది, ఇసక కాలుతోంది. ఎల్లాజీ దూకాడు. అబ్బ, ఆ కుర్రాడు లేచాడంటే అలా ఉండిపోయాడమ్మా! ఒడ్డున కొంగలు కూడా తల తిప్పి చూశాయని చెప్తారు. కొలిస్తే పదిహేను మూరల మీద జానెడు. అర మూర తక్కువ.

"పోనీలే అవ్వా, నా కాళ్ళు అంతే" అని నవ్వి, ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి, మూటలు కట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. తల్లి మాత్రం ఏటికేసి చూస్తూ నిలబడింది.

నాంచారి తాడు చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ చుడుతూ ఆగింది. తాడు మెత్తగా, వదులుగా ఉంది. పొద్దున ఇలా లేదే? బిర్రుగా, చల్లగా ఉంది. తడిస్తే నారతాడు ముడుచుకుపోతుందని తాడు పేనేవాళ్ళకి ఒకరు చెప్పాలా? రాత్రంతా కంచె మీద మంచు తాగింది ఆ తాడు.

వెళ్ళి ఏట్లో ముంచింది. రాళ్ళ మధ్య పరిచింది. ఇరవై రావాల్సింది ఇరవై ఒకటి దాటింది. అంటే కేతయ్య పదహారు, పదహారు కాదు. పొడి తాడుకి పదిహేనే. గెలుపు ఎల్లాజీది.

ఎవరూ చూడలేదు. "ఎవరు చూశారు గనక?" అంది మనసు. కాసేపటికి "నీళ్ళొచ్చేది మనవాళ్ళకేగా" అంది. మూడోసారి అన్న మాట మాత్రం వేరు. "చెబితే మళ్ళీ ఈ ఇసక తొక్కనివ్వరే నిన్ను. ఇంకెప్పుడూ చూడలేవే."

అక్కడే కూలబడింది. ఏడ్చింది. లేచింది. తడి తాడు భుజాన వేసుకుని దొర దగ్గరికి నడిచింది.

"దొరా, నా కొలత తప్పింది" అంది.

జనం భగ్గుమన్నారు. "ఎండుచేపల పులుసు తిని మాట మారుస్తున్నావా?" అని ఒకడు. "సొంత ఊరి నోట్లో మన్ను కొడతావా?" అని ఇంకొకడు. నాంచారి అందరి ముందూ రాళ్ళ మధ్య తడి తాడు పరిచింది. ఎండలో ఆరబెట్టి మళ్ళీ పరిచింది. రెండో కొస పట్టుకున్నది ఎవరనుకున్నారు? కేతయ్యే. అతను ముడులన్నీ తనే లెక్కపెట్టి, తల దించుకుని, "నాది పదిహేనే నాన్నా" అన్నాడు.

దొర తాడు చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదే నాంచారీ" అన్నాడు.

"తాడుకి తెలుసు దొరా. ఏడాదంతా నేను మాట్లాడేది దానితోనే. దానికి మొహం ఎలా చూపించను?"

ఎల్లాజీ పరుగున వచ్చి దొర కాళ్ళ మీద పడ్డాడు. "మా కోసం మంచమిచ్చి చేసిన పొరపాటయ్యా. మాకు నీళ్ళొద్దు, అవ్వని పంపొద్దు" అన్నాడు.

"తాతలు పెట్టిన ఒట్టు నాయనా. ఇవాళ దీన్ని తప్పితే రేపు అన్నీ తప్పుతారు. మళ్ళీ కత్తులే" అన్నాడు దొర.

"లేవరా పిచ్చోడా. నీళ్ళు తీసుకుపో" అంది నాంచారి.

ఆమె ఇసకలోంచి వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిందో తెలుసా? వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. గుంటనే చూస్తూ, అడుగు వెనక అడుగు వేసుకుంటూ, పాయ దాటి, అవతలి ఒడ్డున రెల్లులో కలిసిపోయింది.

మరుసటేడు మళ్ళీ మాఘం, మళ్ళీ మంచు. కొలతకి ఎవరెవరో కూర్చున్నారు. మొదటి దూకుడుకే గొడవ. కొండవాళ్ళు పద్నాలుగున్నర అంటారు, ఏటివాళ్ళు పద్నాలుగే అంటారు. మాటా మాటా పెరిగింది. చేతులు నడుముల్లో కత్తుల దగ్గరికి పోయాయి. అప్పుడు ఎల్లాజీ తాడు లాక్కుని, అవతలి ఒడ్డుకి తిరిగి, గొంతు చించుకుని లెక్కపెట్టాడు. "అవ్వా! లాభం... రెండు... మూడు..." కేతయ్య గొంతు కలిపాడు. మెల్లగా అందరూ కలిపారు. పద్నాలుగు దగ్గర ఆగారు.

మంచులోంచి సన్నటి గొంతు వచ్చింది.

"తాడు ఎండలో వేశారా?"

"వేశాం!"

"రాళ్ళ మధ్య ఇరవై వచ్చిందా?"

"వచ్చింది!"

"కొస వదులుగా పట్టలేదుగా?"

పట్టినవాడు తడబడ్డాడు. తాడు బిగించి చూసుకున్నాడు. "ఇప్పుడు లేదవ్వా! పద్నాలుగే!"

"అయితే సరే!"

ఆ సరే విన్నాక ఎవడూ నోరెత్తలేదు. ఆ రోజు నుంచి ప్రతి కొలతకీ అంతే. ఇటు అడగడం, అటు పలకడం. ఎల్లాజీ తల్లి ఏటేటా వచ్చి నాంచారి పక్కన రెల్లులో కూర్చునేది. "ఏమీ కనబడక బాధగా లేదా వదినా?" అని ఒకసారి అడిగింది.

"ఇప్పుడే బాగా కనబడుతున్నారే. అప్పుడు లేచినవాళ్ళు దిగిపోయేవాళ్ళు. ఇప్పుడు దిగట్లేదు" అంది నాంచారి.

అలా ఎన్నేళ్ళో. ఒక మాఘంలో లెక్క పిలిచారు, జవాబు రాలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచారు. అప్పటికి దొరయిన కేతయ్య నీళ్ళలో దిగి అవతలికి వెళ్ళాడు. నాంచారి రెల్లుకి ఆనుకుని కూర్చునే ఉంది. ముఖం గుంటవైపు ఉంది, ఒళ్ళు చల్లబడిపోయింది. అతను ఆమెని చేతుల మీద ఎత్తుకుని, పాయ దాటి, ఇసకలోకి తెచ్చాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరూ ఏడుస్తున్నారు.

ఆ సాయంత్రమే మూడు దేశాల పెద్దలూ మళ్ళీ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఒట్టు మార్చుకున్నారు. తన తప్పు తను చెప్పుకున్నవాళ్ళని ఇసకలోంచి పంపకూడదు అన్నారు. ముసలిదాని జీవితం అయిపోయాక వచ్చింది ఆ బుద్ధి. మనుషులంతే.

ఇప్పుడా ఆటలకి ఎన్నెన్నో దేశాలవాళ్ళు వస్తారు. విమానాల్లో దిగుతారు. వాళ్ళ పేర్లకి నా నోరు తిరగదు. నారతాళ్ళు పోయాయి, ఇనుప టేపులొచ్చాయి, అంకెలు బోర్డు మీద వాటంతటవే వెలుగుతాయి. అయినా ప్రతి దూకుడు తర్వాతా ఆ మూడు ప్రశ్నలూ అడుగుతారు. అడిగి, వేలమంది జనం అవతలి ఒడ్డుకేసి తిరిగి, ఒక్క ఊపిరిసేపు నిశ్శబ్దంగా ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు వింతపడి, "ఎవరి కోసం ఆగారు?" అని అడుగుతారు.

"మా అవ్వ సరే అనాలి" అంటారు వాళ్ళు.

ఎప్పుడో ఒక ఏడు, ఆ నిశ్శబ్దంలో, టేపు పట్టుకున్న మనిషి చెయ్యి మెల్లగా పైకి లేస్తుంది. "నేను సరిగ్గా పట్టలేదు. మళ్ళీ కొలవండి" అంటాడు. అతన్ని ఎవరూ ఏమీ అనరు. తాగడానికి నీళ్ళిచ్చి, టేపు మళ్ళీ అతని చేతికే ఇస్తారు.