వెనుక మోగిన గంట

యజ్ఞేశ్వర శాస్త్రిగారికి ఒక నియమం ఉండేది. శిష్యులలో ఎవరైనా అవధాన సాధనకు కూర్చున్నప్పుడు ఆయన గోడకు చేరగిలబడి కన్నులు మూసుకొనేవారు. సాధన ముగిసేదాకా మరి తెరిచేవారు కారు. కొత్తవారికి ఆయన నిద్రిస్తున్నట్లే తోచేది. కాని పద్యంలో ఒక యతి జారినా, ఒక గణం కుంటినా, మూసిన ఆ రెప్పల మీద కనుబొమ్మ ఒకటి మెల్లగా లేచేది. ఆ కనుబొమ్మకు జడిసి బాగుపడిన పద్యాలు పెన్న గట్టున ఆ అగ్రహారంలో ఎన్నని చెప్పగలం!

అవధానం చూడని వారి కోసం ఒక మాట చెప్పాలి. పద్యం చెప్పేవాని చుట్టూ ఎనమండుగురు కూర్చుంటారు. ఒకరు అక్షరమక్షరానికీ అడ్డుపడతారు. ఒకరు పొసగని పాదం ఒకటిచ్చి పొసగించమంటారు. ఇంకొకరు నడుమ నడుమ పొంతన లేని ముచ్చట్లతో మనసును పక్కదారి పట్టిస్తారు. వీరందరికీ బదులు పలుకుతూ, ఏదీ కాగితం మీద పెట్టకుండా, చివరకు పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాలి. అది చాలదన్నట్లు, వీపు వెనుక ఒకరు తమకు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు. అది ఎన్నిమార్లు మోగిందో కూడా తప్పకుండా చెప్పాలి.

శాస్త్రిగారి ఇంట ఆ గంట పేరిందేవమ్మ చేతిలో ఉండేది. ఆమె ఆ ఇంటి వంటమనిషి. భర్త మరణించిన ఏడాదే వచ్చి ఆ పొయ్యి ముందు కూర్చున్నది, ఇరవై రెండేండ్లయింది. శిష్యులందరికీ ఆమె దొడ్డమ్మ. మధ్యాహ్నపు పని ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్తంభం వెనుక పీట వాల్చుకొని, ఒక కునుకుకూ మరొక కునుకుకూ నడుమ గంట కొట్టేది. "నీ పద్యం ఒకటి ఉడికేలోగా నా పొయ్యి మీద కందిపప్పు రెండుసార్లు ఉడుకుతుందిరా జయం!" అని ఎగతాళి చేసేది. జయమంటే మృత్యుంజయం, శిష్యులలో పెద్దవాడు, ధారణలో మేటి.

ఆశ్వయుజం చివర ఒకనాడు సాధన ముగిశాక మృత్యుంజయం గురువుగారి ముందు చేతులు కట్టుకొని నిలిచాడు. కార్తిక పౌర్ణమికి పట్టణంలో సభ. పిలుపు వచ్చి నెలయింది. గురువు అనుజ్ఞ లేనిదే కదలరాదు; ఆ అనుజ్ఞ మాత్రం రాకున్నది. అది వస్తే పండితుల నడుమ అతనికి ఒక పేరు, దానితోబాటు ఒక బ్రతుకుదెరువు. రాకుంటే మళ్ళీ ఏడాదిదాకా అటువంటి సభ లేదు.

"స్వామీ, అంశాలన్నీ నడుస్తున్నాయి. గంట లెక్క ఏడాదిగా ఒక్కటీ తప్పలేదు. అయినా తమరు వెళ్ళిరమ్మని అనడం లేదు. నాలో ఇంకా ఉన్న కొరత ఏమిటి?" అని అడిగాడు.

శాస్త్రిగారు కన్నులు తెరవలేదు. "సభలో నీ చుట్టూ ఎవరెవరు కూర్చుంటున్నారు?" అన్నారు.

మృత్యుంజయం ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. అక్షరాలకు అడ్డుపడడానికి సంస్కృత పాఠశాల ప్రధానాచార్యులు, సమస్య ఇవ్వడానికి ఆయన వియ్యంకుడు, పొంతన లేని ముచ్చట్లకు ఒక వకీలుగారు.

"ఆయనకు వేరే సాధన అక్కరలేదులే" అని శాస్త్రిగారు నవ్వారు. "మరి గంటకు?"

"గంటకేముంది స్వామీ! ఎవరో ఒకరు కొడతారు."

కనుబొమ్మ లేచింది.

"ఈ పూట ఎన్ని మోగాయి?"

"నలభై మూడు."

"అవును, నలభై మూడే. ఏ చేత్తో కొట్టింది?"

మృత్యుంజయం తెల్లబోయాడు. "వీపు వెనుక ఉన్నది నాకెట్లా కనబడుతుంది స్వామీ?"

"నా కళ్ళు మూసే ఉన్నాయి నాయనా" అన్నారు శాస్త్రిగారు. "వంటింటికి పోయి చూసి రా."

ఇది నా ప్రశ్నకు బదులా, లేక నన్ను తప్పించుకోవడమా అని గొణుక్కుంటూనే అతడు వెళ్ళాడు. వంటింట పేరిందేవమ్మ కత్తిపీట ముందు కూర్చొని బీరకాయ చెక్కు తీస్తున్నది. ఎడమ చేతి పని కావడంతో చెక్కుతోబాటు కాయలో సగం పోతున్నది. కుడిచెయ్యి చీర కుచ్చిళ్ళలో ఎక్కడో ఉంది.

"ఏమిరా, అప్పుడే ఆకలా? ఇంకా పొయ్యి కూడా రాజెయ్యలేదు."

"చేతికి ఏమయింది దొడ్డమ్మా?"

"ఏమీ కాలేదు. గంజి చిమ్మింది."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆ ఇంట ఇరవై మందికి అన్నం ఒకే ఇత్తడి గుండిగలో ఉడికేది. ఉడికాక గంజి వార్చడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు; ఒకరు మూత అదిమి పట్టాలి, ఒకరు గుండిగను వంచాలి. అందుకని శిష్యులకు దినమొకరికి వంతు వేసి ఉండేది. వంటింటి నుంచి పిలుపు రాగానే వంతువాడు చేతిలో ఏమున్నా విడిచి పోవాలి. మృత్యుంజయం మనసులోనే వంతులు లెక్కపెట్టుకొన్నాడు. మొన్నటి దగ్గర ఆ లెక్క ఆగిపోయింది.

"మొన్న వంతు నాది కదా?"

"నీదే. పెరట్లో పచార్లు చేస్తున్నావు, వేళ్ళు మడుస్తూ. ఏదో పాదం పట్టుకొని ఉన్నావు. అన్నం చూస్తే మెత్తబడిపోతోంది. పోనీలే, వాడి పద్యం చెడగొట్టడమెందుకని నేనే వంచాను. మూత జారింది."

"నాకు వినబడలేదు దొడ్డమ్మా."

"మూడుసార్లు పిలిచానురా" అన్నది పేరిందేవమ్మ, పులుసులో ఉప్పు పాళ్ళు చెప్పినంత మామూలుగా.

మృత్యుంజయం తలలో ఆనాటి నలభై మూడు గంటలూ ఇంకా వరుసగా నిలిచి ఉన్నాయి. ఈ మూడింటి కోసం ఎంత వెదికినా అవి ఎక్కడా లేవు.

"గురువుగారితో చెప్పలేదేం?"

"చెబితే వంటకు ఇంకొకరిని పిలుస్తారు. వచ్చిన మనిషికి ఏ డబ్బాలో ఏముందో తెలిసేసరికి పది దినాలు. అందరూ ఆ గొడవలో పడతారు, నీ సాధన అటకెక్కుతుంది. సభ చూస్తే ముందుకొచ్చె. గంటకు ఎడమచెయ్యి చాలదూ?" అని, ఏదో గుర్తుకు వచ్చినట్లు తలెత్తి, "అది సరే గాని, కుదిరిందా ఆ పాదం?" అని అడిగింది.

అతడు పీట పక్కన నేల మీద చతికిలబడి, ఆమె వద్దంటున్నా వినక, చేతికి చుట్టిన పాతగుడ్డను మెల్లగా విప్పాడు. మణికట్టు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా బొబ్బలు చితికి తోలు ఊడి ఉంది. ఒక అంచున చీము చేరుతున్నది. ఇంకా రెండు దినాలు అట్లాగే గుడ్డకింద దాగి ఉంటే ఆ చెయ్యి మళ్ళీ గరిటె పట్టేది కాదేమో.

అతడు పరుగున వచ్చి చెప్పగానే శాస్త్రిగారు లేచారు. "నిన్ననే గంట వేరుగా వినబడింది. అడిగితే ఏమీ లేదన్నది. ఆ మాట నమ్మి నేనూ ఒక దినం పోగొట్టాను" అంటూ తామే పోయి సున్నపుతేటలో కొబ్బరినూనె పోసి వెన్నలాగ చిలికి తెచ్చారు. మృత్యుంజయం పూశాడు. "మెల్లగారా, అది చెయ్యి, తాటాకు కాదు" అని పేరిందేవమ్మ కసురుకున్నది. మంట తగ్గాక కసరడం కూడా మానేసింది. అనుజ్ఞ మాట అతడు ఆనాడు ఎత్తలేదు. తరువాత కూడా ఎత్తలేదు.

మరునాటి నుంచి వంతులు లేవు. గంజి వార్చేటప్పుడు మూత పట్టడానికి తప్ప మరెవరినీ పిలవక, వంటింటి పనంతా మృత్యుంజయం తన మీద వేసుకొన్నాడు. పేరిందేవమ్మ పీట మీద కూర్చొని చెబుతుంటే అతడు వండేవాడు. మొదటిపూట అన్నం చూసి అతని సహాధ్యాయి కోదండం, "ఇది తినడానికా, తాళపత్రాలు అతికించడానికా?" అన్నాడు. "తినరా, మాట్లాడకు. నీ నోరు అతుక్కుంటే ఊరికే మేలు" అని దొడ్డమ్మ మృత్యుంజయాన్ని వెనుకేసుకొని వచ్చింది. నాలుగోనాటికి అన్నం మెతుకు మెతుకుగా వచ్చింది. ఆ మాటా ఈ మాటా నడుస్తుండగా, తొమ్మిదేండ్లుగా ఆమె చేతి వంట తిన్నవాడు ఆమె పుట్టిన ఊరు పెన్నకు ఆవలి గట్టునే ఉన్నదని, అక్కడ ఆమెకు ఒక చెల్లెలున్నదని, గురువుగారికి ప్రియమైన బీరకాయ ఆమె నోటికి గిట్టదని మొదటిసారి తెలుసుకొన్నాడు. స్తంభం వెనుక కునికిన ఆమెకు తన పద్యాలలో సగం కంఠస్థమని కూడా తెలుసుకొన్నాడు. ఒకటి రెండు చోట్ల ఆమె నోట మాట మారింది; ఆ మారిన మాటే బాగున్నదని అతడు దానినే ఉంచుకొన్నాడు.

పన్నెండో దినాన శాస్త్రిగారు అతనిని కడపటి పరీక్షకు కూర్చోబెట్టారు. శిష్యులు చుట్టూ చేరారు. పేరిందేవమ్మ గంట పట్టుకొని వచ్చింది.

"ఈ ఒక్కసారికి కోదండం కొడతాడు దొడ్డమ్మా" అన్నాడు మృత్యుంజయం.

"చాల్లేరా. తొమ్మిదేండ్లు నేను కొట్టి, చివరిరోజు కోదండమా! కొత్త తోలు వచ్చింది, చూడు" అని చెయ్యి చాచి చూపి, ఆమె స్తంభం వెనుకకు పోయింది. గురువుగారు కన్నులు మూసుకొన్నారు.

పద్యాలు ఒకటొకటిగా సాగాయి. గంట మోగుతున్నది. వానకారు పెన్నను వర్ణించే పద్యంలో మూడో పాదం మధ్య, వరదనీరు ఇసుక తిన్నెను కౌగిలించుకొనే చోట, మృత్యుంజయం గొంతు ఆగిపోయింది. వెనుక ఇరవై మూడో గంట సగమే మోగింది. దాని తరువాత, గంట చేయి మారినప్పటి చిన్న గలగల. అతడు లేచాడు. ఎనమండుగురి నడుమ నుంచి లేచి స్తంభం వెనుకకు పోయాడు. ఆమె అరచేతిలో కొత్త తోలు చిట్లి నెత్తురు చెమ్మ కనబడుతున్నది.

"కూర్చోరా వెర్రివాడా! మూడో పాదంలో ఉన్నావు" అని ఆమె గొంతు తగ్గించి గద్దించింది.

"ఉండనీ దొడ్డమ్మా, అది ఎక్కడికీ పోదు." అతడు గంటను కోదండం చేతికిచ్చి, కొబ్బరినూనె తెచ్చి ఆమె చేతికి పూసి, తన ఉత్తరీయపు అంచు చింపి కట్టాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. కోదండం ఏమి చేయాలో తోచక, నియమం తప్పరాదని కాబోలు, గంట కొడుతూనే ఉన్నాడు. మృత్యుంజయం తిరిగి వచ్చి కూర్చొని, ఆగిన చోటి నుంచి పాదం ఎత్తుకొని, నాలుగో పాదంతో పద్యం ముగించాడు. పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాడు. ఒక్క అక్షరం జారలేదు.

"గంటలు?" అన్నారు శాస్త్రిగారు.

చేజారే సభ, మళ్ళీ ఏడాది నిరీక్షణ, అన్నీ అతని కన్నుల ముందు ఒకసారి మెదిలాయి. అయినా ఊహించి ఒక సంఖ్య చెప్పాలని అతనికి తోచలేదు.

"ఇరవై మూడు దాకా తెలుసు స్వామీ. దొడ్డమ్మగారి చెయ్యి కడుతున్నప్పుడు వెనుక ఎన్ని మోగాయో నేను ఎరుగను."

ఎవరో పెదవి విరిచారు. పేరిందేవమ్మ కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని స్తంభం చాటు నుంచి ముందుకు వచ్చింది. "శాస్త్రిగారూ, తప్పు నాది. నా మొండితనం వల్ల పిల్లవాడి ఏడాది పోతుంది. కావాలంటే రేపు ఇంకొకసారి కూర్చోబెట్టండి, నేను ఈ దరిదాపులకు రాను."

శాస్త్రిగారి కన్నులు తెరిచి ఉన్నాయి. సాధన మధ్య ఆయన వాటిని ఎప్పుడు తెరిచారో ఎవరూ గమనించలేదు. లేచి వచ్చి కోదండం చేతిలోని గంటను తీసుకొన్నారు. దాని పిడికి అంటిన నెత్తురు మరకను తమ ఉత్తరీయంతో తుడిచి, గంటను మృత్యుంజయం చేతులలో పెట్టారు.

"గురువారం ప్రయాణానికి మంచిది. ఈ గంట నీవెంట తీసుకుపో. సభలో కూర్చోబోయే ముందు, దీన్ని కొట్టేవారెవరో వారి పేరు అడిగి తెలుసుకో" అన్నారు.