నక్క కొట్టిన సెమికోలన్

గోదావరి లంకలో ఒక పశువుల కొట్టం ఉండేది. అక్కడ తవుడు పంచడం, కోళ్ల గూటి తలుపు తీయడం, వేయడం అన్నీ ఒక పాత కంప్యూటరే చూసుకునేది. దానికి షెల్ స్క్రిప్ట్, అంటే ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే ఆజ్ఞల చీటీ, రాసింది ఉడుత సింగారి. ఎన్ని గంపలు కావాలో కీబోర్డు మీద కొడితే చాలు, అంత తవుడు గొట్టంలోంచి జారేది.

"ఎవరైనా పిచ్చిరాతలు కొడితేనో?" అని అడిగింది కోడిపెట్ట వెంకాయమ్మ.

"కొట్టినదాన్ని సరిచూసే ప్యాటర్న్ పెట్టాను పిన్నీ! కొట్టినదాంట్లో అంకె ఉంటేనే పని జరుగుతుంది" అంది సింగారి, తోక ఎగరేస్తూ.

కంచె అవతల పొంచి ఉన్న నక్క భద్రయ్య ఈ మాట విన్నాడు. మర్నాడు కోళ్లు మేతకెళ్లగానే లోపలికి దూరి, "1; తలుపు తెరువు" అని కొట్టాడు. అంకె ఉంది కదా, స్క్రిప్ట్ సరేనంది. అంకె పక్కన ఆ సెమికోలన్ గుర్తు కనబడితే ఆ యంత్రానికి 'ఇది అయ్యాక తర్వాతి పనీ చెయ్' అని అర్థం. తవుడు జారింది, వెనకే గూటి తలుపూ తెరుచుకుంది. గుడ్లన్నీ భద్రయ్య పొట్టలోకి పోయాయి.

వెంకాయమ్మ కొట్టం ఎగిరిపోయేలా గోల పెట్టింది. తెరమీద ఇంకా మిగిలున్న ఆ రాత చూసి సింగారి ముఖం పాలిపోయింది.

"నాదే తప్పు పిన్నీ. అంకె ఉందా అని చూశానే గానీ, అంకె కాక ఇంకేమైనా ఉందా అని చూడలేదు."

"బాధపడింది చాలు, ముందది సరిచెయ్యవే!"

సింగారి ప్యాటర్న్ మార్చింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా అన్నీ అంకెలైతేనే పని, లేకపోతే గంట మోగుతుంది. వెంకాయమ్మ ముక్కుతో కీబోర్డు మీద అంకెలు కాని మీటలన్నీ పొడిచి చూసింది. పొడిచినప్పుడల్లా గంటే!

భద్రయ్య మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే కొట్టాడు. గంట గణగణ మోగింది. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. ఎద్దు కొమ్ములు వంచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏం బాబాయ్, ఇలా వచ్చావ్?" అంది సింగారి.

"తవుడు కోసమేనమ్మా... మాంసం మానేశాను."

"అలాగా! అయితే ఒట్టి అంకె కొట్టు."

భద్రయ్య ఒట్టి "1" కొట్టాడు. గంపెడు తవుడు జారింది.

"ఇక్కడే తిను బాబాయ్, మొహమాటపడకు" అంది వెంకాయమ్మ.

దగ్గుతూ, తుమ్ముతూ, మూతినిండా తవుడుతో భద్రయ్య గంపంతా ఖాళీ చేశాక గానీ ఎద్దు పక్కకు జరగలేదు.

నీతి: వచ్చినదాంట్లో మంచి కాస్త ఉంటే చాలదు, మొత్తం మంచిదైతేనే లోపలికి రానివ్వాలి.