అరగంట బొమ్మల నవల

బోర్డులు రాసే పైడిరాజు ఇంట్లో బుర్రలు మూడు. పైడిరాజుది ఒకటి, పెళ్ళాం సింహాలుది ఒకటి, చెల్లెలు గైరమ్మది ఒకటి. "మనింట్లో మిగిలిపోయే తెలివితో ఇంకో కాపురం నడిచిపోతుంది" అనేది సింహాలు. గైరమ్మ అవునవునని తల ఊపేది.

గైరమ్మకి బొమ్మలంటే ప్రాణం. కంప్యూటర్లో బొమ్మల నవల చేస్తానని పట్టుకుంది. పైన బొమ్మ, కింద మాటలు, మీట నొక్కితే కథ ముందుకెళుతుంది. కంప్యూటర్ నేర్పే కామేశం మాస్టారు సంతోషించారు.

"బాగా చెయ్యమ్మా, పట్నంలో ఆటల కంపెనీకి చెప్పి కొలువు ఇప్పిస్తాను. మొదటిది కదా, చిన్నగా ఉండనీ. చదవడానికి అరగంట పట్టాలి. గది బొమ్మ ఒక్కటి గీస్తే చాలు. ఒళ్ళు ఒక్కసారి గీసి ముఖాలు మార్చుకో."

కథ ఏమిటంటే, రాజమ్మ ఏరు దాటి, సంతలో గేదెను కొని, పెళ్ళి చేసుకుంటుంది. గైరమ్మ వంటగది గీసింది. గది ఒక్కటే కదా! అంతే, సంత వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

"మరి ఏరేదే గైరీ?" అన్నాడు పైడిరాజు.

"ఆ గంజి గిన్నె కనబడలేదా అన్నయ్యా? అందులోంచి దాటుతుంది."

"మునిగిపోదూ?"

"చీర ఎత్తిపట్టుకుంటుందిలే."

తరవాత ఆకుపచ్చ చీర కట్టిన రాజమ్మ ఒళ్ళు గీసింది. ఒళ్ళు ఒక్కసారే గీయమన్నారుగా. ఇంకేముంది! అదే చీర మీద పెళ్ళికొడుకు మీసాల ముఖం, అదే చీర మీద పురోహితుడి ముఖం, అదే చీర మీద గేదె ముఖం.

సింహాలు బుగ్గన వేలేసుకుంది. "పెళ్ళికొడుకు కంటే గేదెకే నప్పిందే చీర! సంబంధం మార్చేద్దామా?"

"ముహూర్తం పెట్టేశాం వదినా, బావుండదు."

ఇక అరగంట కొలవాలి. గడియారం ముందు సింహాలుని కూర్చోబెట్టారు. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మధ్యలో పాలు పొంగితే పరిగెత్తి, వచ్చి, ఎక్కడ ఆపిందో మర్చిపోయి మళ్ళీ మొదలెట్టింది. రాజమ్మ గంజిలో కాలు పెట్టేసరికి పైడిరాజు "ఆపండి! అరగంట" అని అరిచాడు. అంతే, మిగతా కథంతా కొట్టేశారు. గేదె పోయింది. పెళ్ళీ పోయింది.

గైరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "కాస్త గబగబా చదవకూడదూ వదినా?"

"ఆ పాలు పొంగబట్టి గానీ, ఏరు దాటించేసేదాన్నే!"

శనివారం మాస్టారింటికి ముగ్గురూ వెళ్ళారు. ఆయన నాలుగుసార్లు మీట నొక్కారు. నవల అయిపోయింది.

"ఇదేంటమ్మా, నిమిషం కూడా పట్టలేదు?"

గైరమ్మ గభాలున లేచింది. అరగంట పట్టకపోతే కొలువు రాదు! "అన్నయ్యా, పట్టుకో!" అంది. పైడిరాజు మాస్టారి భుజాలు పట్టుకున్నాడు. సింహాలు ఆయన వేలు పట్టుకుంది.

"ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలుంది మాస్టారూ. మొదటి అక్షరం నుంచి కూడబలుక్కోండి" అంది గైరమ్మ.

"వదలండర్రా! నాకు చదవడం వచ్చు!"

"వస్తేనేం, తొందర పడకూడదు" అంది సింహాలు.

మాస్టారు "రా... జ... మ్మ..." అంటుండగా ఫోన్ మోగింది.

"కంపెనీ వాళ్ళు! గైరమ్మతో మాట్లాడి కొలువు ఖాయం చేస్తామన్నారు. ఎత్తండి, ఎత్తండి!" అని అరిచారాయన.

గైరమ్మ గడియారం చూసింది. ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలుంది. ఫోన్ తనే ఎత్తింది.

"మాస్టారు నా నవల చదువుతున్నారండీ. మధ్యలో ఆపితే కొలత చెడిపోతుంది. ఆ కొలువు ఎవరికో ఒకరికి ఇచ్చేసుకోండి" అని పెట్టేసింది.

తరవాత చెమట తుడుచుకుంటూ వదిన వైపు తిరిగింది. "చూశావా, కాస్తలో నా కొలువు పోయేది!"