కొర్లమ్మ జానెడు

అనగనగా అంటే ఎప్పుడనుకున్నారు? మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజులు! సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడ అందరివీ తెప్పలే. నాలుగు దుంగలు కట్టిన తెప్పను నలుగురు భుజాలకెత్తుకుని నీళ్లలో వదిలేవారు.

ఒక ఏడు చేపలన్నీ లోతుకు పోయాయి. తెప్పలకు అందలేదు. పొయ్యిల్లో పిల్లి లేవలేదు. ఊరిపెద్ద దానయ్య ఉన్న మానులన్నీ కొట్టించి, ఆ తీరం ఎన్నడూ చూడనంత పెద్ద పడవ చేయించాడు.

మొదటి రోజు పదిమంది భుజాలు పెట్టి ఎత్తారు. హైలెస్సా! పడవ కదల్లేదు. రెండో రోజు ఇరవైమంది ఎత్తారు. హైలెస్సా! పడవ కదల్లేదు. మూడో రోజు పల్లెకు పల్లే వచ్చింది. హైలెస్సా! ఇద్దరికి నడుములు పట్టేశాయి గానీ పడవ కదల్లేదు.

"తెండ్రా గొడ్డళ్లు! ఇరగ్గొట్టి తెప్పలు కట్టుకుందాం" అన్నాడు దానయ్య.

ఆ మాట విని కొర్లమ్మ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే ఒంటరి ముసలిది ఆమె. గంప మోయలేక, తాటిమట్ట మీద పెట్టి ఇసుకలో ఈడ్చుకుపోయేది. ఇంట్లో ఉన్నదల్లా కుండెడు చేపనూనె. దాన్ని గింజలకు మార్చుకునే వానాకాలమంతా గంజి తాగాలి.

"ఆగు నాయినా! ఎత్తడానికి ఇదేటి, సంకలో పిల్లా? ఎత్తకండి, జార్చండి!"

"మా తాతలు ఎత్తారప్పా. మేమూ ఎత్తుతాం" అన్నాడు దానయ్య.

"మీ తాతలు ఎత్తింది తెప్పని! ఒక్క జానెడు కదిపి సూడండి. తరవాత అదే పోద్ది."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం తాటిమట్టలు పరిచి, కుండ తెచ్చి చివరి చుక్కదాకా వాటిమీద పోసేసింది. ఖాళీ కుండ చూసి దానయ్య గొడ్డలి పారేశాడు. పడవ ముక్కు కాస్త లేపి, కిందికి మట్టలు తోసి, అందరూ చేతులు ఆనించారు.

హైలెస్సా! వేలెడు కదిలింది. హైలెస్సా! బెత్తెడు. హైలెస్సా! జానెడు! ఇంక ఆగుతుందా? జర్రున జారి కెరటాల్లో పడింది. పల్లెంతా కేకలేస్తూ వెంటపడింది. కొర్లమ్మ ఖాళీ కుండ మీద దరువేస్తూ చిందులేసింది.

ఆ పడవ తెచ్చిన మొదటి గంప ఆమె గుమ్మంలోనే దిగింది. వానాకాలమంతా ఆమె పొయ్యి ఆరలేదు.

కొర్లమ్మ పోయి ఎంత కాలమైందో ఎవరూ చెప్పలేరు. ఇప్పటికీ ఆ తీరంలో కొత్త పడవ దించేముందు మట్టలమీద చారెడు నూనె పోసి, "కొర్లమ్మకో జానెడు!" అని అరుస్తారు. మొదటిసారి బడికి పోనని గుమ్మం పట్టుకుని ఏడ్చే పిల్లకు కూడా అమ్మమ్మలు చెప్పేది అదే:

"ఒక్క కొర్లమ్మ జానెడు కదులమ్మా. తరవాత నువ్వే పోతావు."