ముడుపులతో చీర నేసిన పిల్ల

ఉండండర్రా, కాస్త నడుం వాల్చనివ్వండి. పొద్దుణ్ణించీ చాకిరీతో ఒళ్ళు హూనమైపోయింది. కథ చెప్పందే మీరు కళ్ళు ముయ్యరు కదా! సరే, ఊ కొట్టండి మరి.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో భద్రమ్మని ఒక నేతగత్తె. ఆవిడకి మంగతాయి అని ఒక్కతే కూతురు. మొగుడు పోయాక ఆ మగ్గమే వాళ్ళకి అన్నం పెట్టింది. ఏటా జాతరకి అమ్మవారి చీర నేసే వంతు కూడా ఆ ఇంటిదే. ఆ ఏడు భద్రమ్మకి చూపు బొత్తిగా మందగించింది. వేళకి చీర అందకపోతే వంతు వేరే ఇంటికి పోతుంది. పోయిన వంతు మళ్ళీ రాదు, అదీ ఆ ఊరి కట్టుబాటు.

మంగతాయికి బెంగ పట్టుకుంది. బెంగయితే పట్టుకుంది గానీ పిల్ల మటుకు మగ్గం పట్టుకోలేదు. ఏం చేసిందీ? పసుపుగుడ్డలో అక్షింతలు పోసి వేపచెట్టుకి ముడుపు కట్టింది. తల్లీ, చీర అయిపోవాలీ అని మొక్కింది. సోమవారం ఒక ముడుపు, మంగళవారం ఒక ముడుపు, అమ్మ దగ్గితే ఒకటి, పిల్లి తుమ్మితే ఒకటి. కొమ్మ ఖాళీ లేదు. ఇంట్లో మగ్గం మీద సాలీడొక్కటే రోజూ నేస్తోంది. ఊ కొడుతున్నారా, నిద్రోయారా?

ఆ చెట్టు మీద ఒక ముసలి దయ్యం ఉండేది. ముడుపులతో దానికి కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కిందికి దిగొచ్చి, అమ్మా తల్లీ, నాకు నేత రాదు, నన్నొదిలెయ్యి అని దణ్ణం పెట్టిందిట! దయ్యమయితేనేం, పాపం, అదీ అలిసిపోయింది. మంగతాయి ఏడుస్తూ ఇంటికొచ్చి, అమ్మా, ఇంకెవరికి మొక్కనే అని కూలబడింది.

భద్రమ్మ కోప్పడలేదు. కోప్పడ్డానికీ ఓపికుండాలిగా. కూతుర్ని మగ్గం దగ్గర కూచోబెట్టి, మగ్గానికి మిగిలున్న పాత పడుగు కొసల్ని, అదే నిలువు పోగుల చివర్లని, తడిమి చూపించింది. కొత్త పడుగు ఎక్కించాలంటే కొత్త పోగుని పాత పోగుకి ముడేసి అతకాలి. ఒక్కొక్కటే, వేలకి వేలు.

"చెట్టుకి నూరు ముళ్ళేశావే అమ్మడూ. ఆ చేత్తోనే ఇక్కడొకటి వెయ్యి. కోరుకోవద్దనను. కోరుకుని, లేచి పనిలో కూచో. నాకు కళ్ళు లేకపోయినా నోరుంది, చెబుతుంటే నువ్వు నేద్దువుగాని" అంది.

ఒకటి అతికింది, రెండు అతికింది. నూరు అతికేసరికి మెడ పట్టేసింది, వెయ్యి అతికేసరికి వేళ్ళు వాచాయి. తెగిన పోగు మళ్ళీ అతికింది. ఏడ్చింది, ముక్కు చీదింది, అతికింది. నాలుగోనాటికి మగ్గం ఆడింది. అమ్మ చెప్పడం, పిల్ల నేయడం. తప్పితే విప్పడం, విప్పి మళ్ళీ నేయడం.

జాతరనాటి పొద్దున చీర మగ్గం దిగింది. అంచు ఒకచోట వంకర పోయింది. పెద్దలు మూతి విరిచారు గానీ, వేళకి అందిందిగా, వంతు నిలిచింది. అమ్మవారు ఆ వంకరంచు చీరలోనే ఊరేగింది. ఊరంతా డప్పులు మోగుతుంటే భద్రమ్మ మటుకు మగ్గం పక్కన చాపేసుకుని, పట్టపగలు హాయిగా నిద్రపోయింది. ఎన్నేళ్ళయిందో ఆ తల్లి అలా పడుకుని!

కోరికకి కాళ్ళుండవర్రా, మన కాళ్ళతోనే నడిపించాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. నన్నూ పడుకోనివ్వండి.