వంతులమ్మ గుట్ట

పూర్వం గుండ్లమిట్ట సీమను రంగప్ప నాయకుడనే పాళెగాడు ఏలుతున్న కాలంలో, ఏటికేడు వానలు ముఖం చాటేసి చెరువులు బీటలువారగా, ఊరందరి ప్రాణాలూ వంకలోని ఇసుకలో తవ్వుకున్న ఒకే ఒక్క చెలమ మీద నిలిచాయి. కత్తులకు బెదరని ఆ నాయకుడు చెలమలోకి తొంగిచూసి బెదిరిపోయి, కరువు వచ్చిందని దండోరా వేయించి, ఇంటికొక కడవ చొప్పున వంతు పెట్టించాడు. అయితే గుట్ట మీది అమ్మవారి నిత్యాభిషేకానికి మాత్రం బిందెల కొద్దీ నీరు ఎప్పటిలాగే వెళుతూనే ఉంది. దినదినమూ చెలమ అడుగంటుతున్నా ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

చివరకు చంటిబిడ్డ తల్లి కదిరక్క నాయకుడి ఎదుట నిలిచి, "అమ్మకూ మాతో పాటే వంతు పెట్టు సామీ. మేమంతా నోరెండి సస్తే ఆయమ్మకు నీళ్లు పోసేదెవరు?" అని అడిగింది. నాయకుడు భయపడుతూనే ఒప్పుకొని, అభిషేకం ఆపించి, అమ్మవారికీ ఒక్క కడవేనని చాటించాడు. పూజారి భయపడి ఆ కడవ తేవడానికి చెలమ దగ్గరికే రాలేదు. ఆ సాయంత్రమే కదిరక్క బిడ్డకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. అమ్మ ఆగ్రహించిందని ఊరు గడగడలాడింది. తన నోటి మాటే బిడ్డను పొట్టన పెట్టుకుంటుందేమోనని ఆ తల్లి కుమిలిపోయింది.

తెల్లవారి చెలమ దగ్గర జనం ఆమెను వరుస చివరికి నెట్టేశారు. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుపోయిన ముసలమ్మ ఒకతె వచ్చి ఆమె వెనుక నిలిచింది.

"ఎవరింటిదానివవ్వా?" అని కదిరక్క అడిగింది.

"గుట్ట మీదుంటాలే. నాకూ వంతు పెట్టినారంట గదా, వచ్చినా" అని చెప్పి, ముసలమ్మ తన వంతు కడవ నింపుకొని, "బిడ్డకు పట్టుకోపో తల్లీ" అంటూ దాన్ని కదిరక్క చంకన పెట్టి కనుమరుగైంది. ఆ నీటితో ఒళ్లు తుడిచి, గుక్కెడు తాగించగానే బిడ్డకు చెమట పట్టి జ్వరం దిగింది. విషయం తెలిసి జనం గుట్టకు పరుగెత్తగా, విగ్రహం నిలువెల్లా దుమ్ముతో ఉండి, పాదాలకు మాత్రం వంకలోని తడి ఇసుక అంటుకొని కనిపించింది.

నాటి నుండి ఆ తల్లి వంతులమ్మగా పూజలందుకుంటున్నది. కరువు చాటిన ఏట తొలివాన పడేదాకా ఆమెకు అభిషేకం లేదు, పొడిగుడ్డతో తుడుస్తారు. నేడు చెలమకు బదులు ట్యాంకరు వచ్చినా, వరుస చివర అమ్మ కోసం ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ఆ వంతు నీళ్లు జబ్బుపడిన బిడ్డ ఉన్న ఇంటికి పోస్తారు. ఈ ఏడు చైత్రంలోనే కరువు ప్రకటన వచ్చింది. వరుసలో నిలిచిన తల్లులెవరూ ఆ చోటు వైపు వెనుదిరిగి చూడరు, అక్కడ ఎవరూ లేరేమోనని వారి భయం.