చేతికిచ్చిన ఉప్పు

పొన్నేరు రాజు మల్లభూపాలుడికి ఒకనాడు పళ్లు తోముకుంటుండగా ఒక ఆలోచన వచ్చింది. రాజుగారికి గొప్ప ఆలోచనలన్నీ ఆ వేళప్పుడే వచ్చేవి. అందుకే పొద్దున్నే ఆయనకు ఎదురుపడటానికి మంత్రులు కూడా జంకేవారు.

మొహం కడుక్కుని నేరుగా సభకొచ్చాడు.

"మన రాయబారులు పెళ్లి పిలుపుకని వెళ్లి యుద్ధం పిలుపు పట్టుకొస్తున్నారు. వాళ్లింక వద్దు. మా అమ్మాయి చినమంగే రాయబారానికి వెళుతుంది. ముందు పరరాజ్య సంబంధాలు చదవాలి. ఏ విద్యాపీఠానికి పంపమంటారు?"

ఆస్థాన పండితుడు దిగ్విజయభట్టు లేచాడు. ఆయన జయించిన దిక్కేదో ఎవరికీ తెలియదు గానీ, ఆ పేరు మాత్రం ఆయనే పెట్టుకున్నాడు.

"సర్వోత్తుంగ విద్యాపీఠం ప్రభూ. భూమండలంలో దాన్ని మించింది లేదు."

రాణిగారి పక్కన తెర వెనక కూర్చున్న ఓబుళమ్మ గొంతు సవరించుకుంది. ఆమె రాణిగారికి మాటల తోడు. చినమంగను ఎత్తుకుని పెంచింది కూడా ఆమే. ఆ నోటికి సభలో అందరికీ భయమే.

"మించింది లేదని ఎవరన్నారు భట్టుగారూ?"

"ఆ విద్యాపీఠంవారే స్వయంగా అన్నారు."

"అక్కడ చదివినవాళ్లు ఏమవుతారు?"

"అక్కడే ఆచార్యులవుతారు."

"మరి పీఠాధిపతిగారికీ మీకూ ఏమిటి సంబంధం?"

భట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు. "చండీశ్వరాచార్యులవారు మా చెల్లెలి భర్త. అయితే మాత్రం ఏం?"

"ఏమీ లేదండీ. సంబంధాలు బాగానే కలుపుకున్నారని."

సభ కిసుక్కుమంది. రాజుగారు మాత్రం నవ్వలేదు. సర్వోత్తుంగానికి ఎత్తైన గోపురముందని ఆయన విన్నాడు, గోపురాలంటే ఆయనకు మోజు.

మధ్యాహ్నం ఓబుళమ్మ చేత జడ వేయించుకుంటూ చినమంగ మనసులో మాట బయటపెట్టింది.

"అత్తా, నేను పక్క రాజ్యం కొండవల్లిలో తిప్పనార్యుడి దగ్గర చదువుకుంటాను. రేపు మాట్లాడాల్సింది ఆ కొండవల్లివాళ్లతోనే కదా. భట్టుగారి బావ దగ్గరకు పంపితే గోపురం చూసి వస్తాను. ఆ చదువుతో రాయబారానికెళ్లి నవ్వులపాలైతే, నాన్న మళ్లీ నన్ను గడప దాటనిస్తాడా?"

"కదలకుండా కూర్చో. పాయ జారిపోతోంది," అంది ఓబుళమ్మ. జడ ముగించి తిన్నగా రాజుగారి దగ్గరకెళ్లింది.

"కొండవల్లా?" రాజుగారు ఉలిక్కిపడ్డాడు. "వాళ్లతో మనకు పడదు కదమ్మా."

"పడేవాళ్లతో మాట్లాడటానికి చదువెందుకు ప్రభూ?"

జవాబు దొరకనప్పుడు రాజుగారు విందు చేసేవాడు.

"ఇద్దరు ఆచార్యులనూ భోజనానికి పిలవండి. ఆకుల ముందే తేలుస్తాను."

విందునాడు చండీశ్వరాచార్యులు పల్లకిలో దిగాడు. ముందొకడు ఆయన బిరుదులు చదువుతూ నడిచాడు. అవి అయ్యేసరికి అన్నం చల్లారింది. తిప్పనార్యుడు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక కనిపించాడు.

వడ్డన పెత్తనం ఓబుళమ్మ అడిగి తీసుకుంది. పప్పులో, కూరలో ఉప్పు వేయొద్దని వంటవాళ్లకు చెప్పింది. విస్తళ్లలో కూడా వడ్డించనివ్వలేదు. ఉన్న ఒక్క ఉప్పు గిన్నెనూ చండీశ్వరాచార్యుల విస్తరి పక్కన పెట్టించింది.

ఆచార్యులు మైత్రి గురించి అందుకున్నాడు.

"మైత్రి అనగా బహుముఖమైనది. దాని సూక్ష్మం తెలిసినవారు మా పీఠంలో తప్ప..."

రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకుని, రాజు కాబట్టి ఏమీ అనకుండా మింగాడు. ఆచార్యుల పక్క విస్తరి ముందున్న భట్టు నాలుక అంత ఓర్చలేదు. ఎడమచెయ్యి చాపాడు.

"బావా, ఆ ఉప్పు ఇటియ్యి."

ఆచార్యులు ఉపన్యాసం ఆపలేదు. చిటికెడు ఉప్పు తీసి భట్టు అరచేతిలో వేశాడు.

భట్టు తేలు కుట్టినట్టు చెయ్యి విదిలించాడు.

"చేతికిస్తావేంటి బావా? మనిద్దరికీ తగువు పెట్టాలనా?"

"చెయ్యి చాపింది నువ్వేగా."

"చాపితే? గిన్నె జరపాలి గానీ ఉప్పు చేతిలో పోస్తారా ఎవరైనా? ఆ మాత్రం తెలియదూ? మా చెల్లెలి పెళ్లిలోనూ మీ వాళ్ల వరస ఇంతే."

"ఆ పెళ్లి ఊసెత్తకు. గారెలు చాలక మా వాళ్లు పస్తు పడుకున్నారు."

"పస్తా? మీ నాన్న ఆకు ముందునుంచి లేస్తేనా, మిగతావాళ్లకు గారె అందడానికి?"

"మా నాన్ననంటావా?"

ఇద్దరూ ఎంగిలిచేతులతోనే లేచి నిలబడ్డారు. మైత్రి ఎటుపోయిందో తెలియలేదు.

ఈ వేడుక చూస్తూ మైమరచి, రాజుగారు తానూ తిప్పనార్యుడి వైపు చెయ్యి చాపాడు.

"అయ్యా, మీరైనా కాస్త ఉప్పు ఇలా ఇస్తారా?"

తిప్పనార్యుడు ఒంగి, గొడవపడుతున్న ఇద్దరి కాళ్ల మధ్యనుంచి గిన్నె తీసి, రాజుగారి విస్తరి పక్కన నేల మీద పెట్టాడు.

"ఇదిగో ప్రభూ, కావలసినంత తీసుకోండి. మీ రాజ్యానికీ మా రాజ్యానికీ ఉన్న తగువులు చాలు."

రాజుగారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆయన గిన్నెను చూశాడు, తిప్పనార్యుణ్ణి చూశాడు, ఆ తర్వాత బావాబావమరుదులను చూశాడు. అప్పుడు తెర వెనకనుంచి ఓబుళమ్మ మెల్లగా అంది:

"సర్వోత్తుంగంవారి పరరాజ్య సంబంధాలు గొప్పవే ప్రభూ. కాకపోతే పక్క విస్తరి దాకా కూడా రాలేదు."

రాజుగారికి పొలమారింది. ఆ వెనకే నవ్వొచ్చింది. రాజుగారు నవ్వాడు కదా అని పంక్తంతా నవ్వింది. తెర వెనక చినమంగ నవ్వు అన్నిటికంటే పైకి వినబడింది.

"అమ్మాయి కొండవల్లికే వెళుతుంది. మూటలు కట్టించండి," అని రాజుగారు చెయ్యి కడుక్కుని, మెళ్లో ముత్యాల హారం తీసి ఓబుళమ్మకు అందించబోయాడు.

ఓబుళమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"కింద పెట్టండి ప్రభూ, నేను తీసుకుంటాను. మీతో తగువు పెట్టుకుని నేనెక్కడ బతకను?"